నెత్తురు లెక్క

తెర మీద సింహాద్రికి ఆపరేషన్ జరుగుతోంది. ఎదురుగా కుర్చీలో కూర్చుని సింహాద్రి దాన్ని చూస్తూ చెమటలు కక్కుతున్నాడు.

"అంత నెత్తురేటమ్మా?"

"భయపడకండి. అది మీ నకలు," అంది డాక్టర్ సునంద.

ఆవిడ కనిపెట్టిన ఈ యంత్రం పేరు జంట. మనిషిని స్కాన్ చేసి, రక్తం పరీక్షించి, కంప్యూటర్‌లో అచ్చం అతని లాంటి శరీరాన్ని తయారుచేస్తుంది. పెరిగిన ప్రాస్టేట్ గ్రంథిని ఆ నకలులో ఒకసారి కరెంటు తీగతో గీకి, ఇంకోసారి లేజర్‌తో ఒలిచి, ఏ పద్ధతిలో రక్తస్రావం ఎక్కువో నూటికి అంకె వేసి చెబుతుంది. అంకె ఎంత చిన్నదైతే నెత్తురు అంత తక్కువ పోతుందన్నమాట.

"తీగతో మీకు ప్రమాదం. లేజర్‌తో నలభై, ఫర్వాలేదు. వచ్చే వారం చేద్దాం. గుండె దడకి వాడే మాత్ర మాత్రం ఆపొద్దు. అది రక్తాన్ని పలచగా ఉంచుతుంది. ఆపితే గడ్డకట్టి మెదడుకి పోవచ్చు."

"అలాగేనమ్మా."

మనవాళ్లకి అంకె కనిపిస్తే చాలు, అది ర్యాంకైపోతుంది. బయట బెంచీ మీద అప్పలస్వామి అనే మరో రోగి, "నలభయ్యా? నాకు పన్నెండే!" అని మీసం తిప్పాడు. సింహాద్రి జీవితమంతా లారీ నడిపినవాడు. ఎవడైనా ఓవర్‌టేక్ చేస్తే ఊరుకునే రకం కాదు. పైగా నెత్తురంటే నిజంగానే భయం. పలచనిదే గదా కారేది అనుకుని, భార్య పైడితల్లికి తెలియకుండా మాత్రలు మానేశాడు.

ఆపరేషన్ రోజు పొద్దున్న కొత్తగా రక్తం తీసి, జంట మళ్లీ లెక్క కట్టింది. తొమ్మిది.

సునందకి అనుమానం వచ్చింది. "మాత్రలు వేసుకుంటున్నారా?"

"ఏసుకుంతన్నానమ్మా."

ఇంకో పరీక్ష చేయిస్తే నిజం బయటపడేది. కానీ ఇంతవరకూ ఎవరికీ రాని అంకె! కాకిపిల్ల కాకికి ముద్దు. ఆవిడ పేషెంటుని థియేటర్‌లోకి పంపమంది.

లేజర్ నడిచినంతసేపూ లోపల కడిగిన నీళ్లు గొట్టంలోంచి తేటగానే వచ్చాయి. జంట చెప్పినట్టే జరిగింది. సాయంత్రం సింహాద్రికి మూతి వంకరపోయింది, కుడి చెయ్యి వాలిపోయింది. గడ్డ మెదడుకి చేరింది. కారే రక్తాన్ని లెక్కపెట్టడమే సునంద జంటకి నేర్పింది, గడ్డకట్టేదాన్ని గురించి నేర్పలేదు.

పైడితల్లి భర్త చెయ్యి పట్టుకుని ఊపుతోంది.

"నెత్తురు కారనేదన్నారు గదమ్మా! మరి మడిసి మాటాడడేటి?"