వియ్యపురాళ్ళ మధ్య మటన్ గిన్నె

“మా అమ్మను పిలిచే ముందు నాతో ఒక్క మాట అనొద్దా అత్తమ్మా!”

గుమ్మంలోనే నిలదీసింది కరుణ. భుజానికి ఆఫీసు బ్యాగు ఇంకా అలాగే వేలాడుతోంది. సీతాబాయి మాత్రం అద్దం ముందు తాపీగా బొట్టు దిద్దుకుంటోంది.

“చెప్తే వద్దంటవని చెప్పలే. మీ లగ్గమై రెండేండ్లాయె. బాత్రూంల నల్లా ఇప్పి ఏడుస్తే నాకు ఇనబడదనుకున్నవా? నేనే మణికొండకు పోయి పిలిచిన. ఇయ్యాల హోటల్ల బువ్వకు వస్తనన్నది. ఇగ చీర మార్చుకో, నడువ్.”

తండ్రి లేని కరుణను దవాఖానలో నర్సు పని చేసి పెంచింది సువార్తమ్మ. అలాంటి కూతురు చర్చిలో కాకుండా రిజిస్ట్రారు ఆఫీసులో రాకేశ్‌తో దండలు మార్చుకుందని తలుపు మూసేసింది. ఫోన్ లేదు, పలకరింపు లేదు... ఇప్పుడా తలుపు కాస్త కదిలింది! ఈ సాయంత్రం ఒక్క మాట అటూ ఇటూ అయితే మళ్ళీ మూసుకుంటుంది. ఇక ఎప్పటికీ తెరుచుకోదు!

కొత్తగూడ ఫ్లైఓవర్ పక్క సందులో ఉంటుంది ఆ హోటల్. ఏ కాలంలో ఏది కాస్తే అదే వండుతారు. ఏసీ లేదు, సోకు లేదు. మెడలో కార్డులు తీయడం కూడా మరిచిపోయిన సాఫ్ట్‌వేరు పిల్లల కేకలు, పెనం మీద జొన్నరొట్టెల చప్పుడు, మామిడికాయ పప్పు పోపు ఘుమఘుమ! ఆ గోల మధ్య సువార్తమ్మ తెల్లచీరలో వచ్చి, కూతురి ముఖం చూడకుండా పక్కన కూర్చుంది. రెండో పక్క సీతాబాయి. ఎదురుగా రాకేశ్.

“బాగున్నరా అత్తమ్మా?” అన్నాడు రాకేశ్.

“ఆఁ బాబూ.” అంతే!

ఇంతలో వడ్డించే దినేశ్ ఒక పెద్ద గిన్నె తెచ్చి మధ్యలో పెట్టాడు. చింతచిగురు మటన్! సీతాబాయి ముందే చెప్పి వండించింది. వియ్యపురాలికి మాంసం పెట్టకపోతే వాళ్ళవైపు అది మర్యాద కాదు.

కరుణ గబుక్కున తల్లి వైపు చూసింది. రేపు మట్టల ఆదివారం. ఈస్టరు ముందు శ్రమదినాలు నడుస్తున్నాయి. ఈ రోజుల్లో అమ్మ మాంసం ముట్టదు!

“అమ్మా, నువ్వు...”

బల్ల కింద సువార్తమ్మ కూతురి కాలు గట్టిగా తొక్కి, చెవిలో గొణిగింది. “నోరు మూసుకో! వద్దంటే మీ అత్తగారు ఏమనుకుంటుంది? దేవుడికి నేను చెప్పుకుంటాలే.”

రెండేళ్ళ తర్వాత అమ్మ కూతురితో అన్న మొదటి మాట అది!

ఇటు తిరిగితే సీతాబాయి తన పళ్ళెంలో రెండు ముక్కలు వేసుకుంటోంది. శనివారం! వెంకన్న పేరు చెప్పి ఇంట్లో గుడ్డు కూడా ఉడకనివ్వని మనిషి!

“అత్తమ్మా, ఇవాళ...”

తొడ మీద గిల్లు పడింది, చెవిలో గుసగుస. “సప్పుడు చెయ్యకు! ఆమెకు పెట్టి నేను తినకుంటే, ఆమె తిండి నాకు పనికిరాదన్నట్టు ఉండదా?”

కొడుక్కి ముందే హుకుం జారీ అయినట్టుంది. రాకేశ్ తల ఎత్తకుండా తింటున్నాడు.

“తినండి వదినగారూ.”

“ముందు మీరు తినుర్రి ఒదినె.”

ఇద్దరి చేతుల్లోనూ ముద్దలు లేచాయి. ఇద్దరి పెదవుల మీదా నవ్వే. ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళే!

మన ఆడవాళ్ళతో వచ్చిన చిక్కే ఇది! నోరు విప్పి అడగరు, నోరు విప్పి చెప్పరు. లోపల్లోపల కాలిపోతూ దానికి త్యాగమని పేరు పెట్టుకుంటారు! ఎవడు అడిగాడమ్మా మిమ్మల్ని ఈ త్యాగం?

కరుణ లేచి నిలబడింది. రెండు పళ్ళేలూ తన వైపు లాగేసుకుంది.

“ఆపండి ఇద్దరూ! అమ్మా, అత్తమ్మకు శనివారం! అత్తమ్మా, అమ్మకు శ్రమదినాలు! మీ దేవుళ్ళకిచ్చిన మాట తప్పి నా సంసారం నిలబెడతారా? మటన్ ముక్కకు కూలిపోయే కాపురమా నాది? అలాంటిదైతే నాకొద్దు...!”

భోరుమంది. చుట్టూ బల్లల వాళ్ళంతా ఇటే తిరిగారు. అయిపోయింది... తలుపు మూసుకుంది అనుకుంది.

“ఒదినె... నిజమేనా?” సీతాబాయి మెల్లగా అడిగింది.

“అవునండీ. మీకు శనివారాలా?”

“బుద్ధి తెలిసిన కాడి నుంచి.”

“మరి ముద్ద ఎందుకెత్తారండీ!”

“మీకు బేజారైతదని! మీరెందుకు ఎత్తినరు?”

“మీకు చిన్నతనమవుతుందనీ...”

సీతాబాయి బల్ల చరిచి పకపకా నవ్వింది. ఎప్పుడూ గట్టిగా నవ్వని సువార్తమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది! పక్క బల్ల పిల్లలు చప్పట్లు కొట్టారు.

“ఓ తమ్మీ దినేశ్! ఈ గిన్నె నా కొడుకు ముంగట పెట్టు. మాకు మామిడికాయ పప్పు, మునక్కాయలు, వేడి రొట్టెలు తే!”

పప్పు రాగానే సువార్తమ్మ కళ్ళు మూసుకుంది. సీతాబాయి పక్క బల్ల వైపు వేలు చూపించింది. “జర ఆగుర్రి పిల్లలూ! మా ఒదినె ప్రార్థన చేస్తున్నది.”

అంత గోల హోటలూ ఆమెన్ దాకా ఆగింది!

ఆ తర్వాత తిండి చూడాలి! ఒకరు పప్పు వేస్తే ఇంకొకరు నెయ్యి వేశారు. పిల్ల సన్నబడిందని ఒకరు, ఫోన్ చూస్తే కడుపు నిండుద్దా అని ఒకరు, ఇద్దరూ కలిసి కరుణను తిట్టారు. తిట్టించుకుంటూ ఇంత హాయిగా ఆమె ఎప్పుడూ తినలేదు.

“ఈస్టరుకి మా ఇంటికి రావాలండీ వదినగారూ,” అంది సువార్తమ్మ.

“ఏ వారం పడ్డది?”

“ఎప్పుడూ ఆదివారమేనండీ.”

“గట్లయితే మటనే వండుర్రి!”

సువార్తమ్మ కూతురి వైపు తిరిగింది. ఈసారి సూటిగా కళ్ళలోకి చూసింది.

“నువ్వు ముందురోజు పొద్దున్నే రావాలి. అంత వెల్లుల్లి ఎవరు ఒలుస్తారు? నేనొక్కదాన్నేనా?”

కరుణ నోట్లో ముద్ద ఉంది. వస్తానమ్మా అనబోయింది. అంతలోనే కన్నీళ్ళు వచ్చాయి.

“ఏడుపు తర్వాత,” అంటూ తల్లి నీళ్ళ గ్లాసు అందించి వీపు నిమిరింది. “ముందు నోట్లోది మింగు.”