ఎనిమిది బాణాల రాయి

ఆదివారం అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు కావడానికి పదే నిమిషాలు!

క్షుద్రశక్తులకు అర్ధరాత్రే ముహూర్తమనుకునేవాళ్లు వట్టి అమాయకులు. వెలుగునే మేతగా మేసే శక్తికి నడినెత్తిన సూర్యుడు కావాలి. రేవు మీద కారుమేఘాలు కమ్మి ఉరుముతున్నాయి. కంచరపాలెంలో, రైలు పట్టాల పక్కన వజ్రాలకు సానపట్టే ఆ చిన్న ఇంటి చూరులో పట్టపగలే గుడ్లగూబ కూసింది... ఒకసారి కాదు, మూడుసార్లు!

లోపల జ్ఞానశేఖర్ చేతులు సానచక్రం మీద రాయిని తిప్పుతున్నాయి. ముప్ఫయ్యేళ్లుగా వజ్రాలు చెక్కిన చేతులవి. పక్కగదిలో మంచం మీద అతని కూతురు ఎవాంజలిన్ కళ్లు తెరుచుకునే పడి ఉంది. ఆ కళ్లలో చూపు లేదు!

ఇదంతా సన్యాసిరాజు చలవ. నెల కిందట ముడిరాళ్ల బేరగాడిలా వచ్చాడు, లోపల మాత్రం ఘోర క్షుద్రోపాసకుడు! ముడిరాయిలో మచ్చలున్నాయేమో చూడటానికి పనివాళ్లు ముందుగా ఒక పక్క కొంచెం సానపట్టి 'కిటికీ' తెరుస్తారు. ఆ ఇంట్లో కిటికీలోంచి తొలిచూపు ఎప్పుడూ ఎవాంజలిన్‌దే, ఎందుకంటే ఆ పిల్ల కళ్లంత చురుకైనవి తండ్రివి కూడా కావు. వాడు తెచ్చిన రాయిలోకి చూసింది... కెవ్వున అరిచింది... అంతే! ప్రాణం రాయిలోకి జారిపోయింది. మంచం మీద మిగిలింది ఊపిరి మాత్రమే.

"కంగారు పడకు బావా," అన్నాడు సన్యాసిరాజు ఆ రోజు, సంచిలోంచి కపాలం తీసి బల్ల మీద పెడుతూ. "రాయి సక్కగా సెక్కు. పైనుంచి సూత్తే ఎనిమిది బాణాలు కనపడాల. అమాస మిట్టమజ్జానం నాను దాన్లోకి సూత్తాను. నీ కూతురు గుంట ఆయుస్సంతా నా కంట్లోకి వచ్చేత్తాది. కాదన్నావో, రాయిని సముద్రంలో ఇసిరేత్తాను!"

జ్ఞానశేఖర్ తల ఊపాడు. ఊపుతూనే ఉపాయం పన్నాడు. వజ్రం సౌందర్యమంతా కోతలోనే ఉంది. అడుగు ముఖాల వాలు నలభై డిగ్రీల మీద ముప్పాతిక ఉంటే, పైనుంచి దూరిన వెలుగు లోపలి గోడలకు తగిలి మళ్లీ చూసేవాడి కంటికే వస్తుంది. ఎనిమిది బాణాలు నక్షత్రంలా విచ్చుకుంటాయి. వాలు రెండు మూడు డిగ్రీలు తగ్గితే మాత్రం వెలుగు అడుగునుంచి కారిపోతుంది. రాయి చచ్చిన చేప కన్నులా తేలిపోతుంది. ఆ చేప కన్నే చేయాలి! కారిపోయే వెలుగుతో పాటు బిడ్డ కూడా బయటపడుతుంది! ఈ మాట భార్య జయమణికి ఒక్కర్తెకే చెప్పాడు.

కానీ చేతనైనవాడికి పని చెడగొట్టడమంత కష్టం మరొకటి లేదు. తిరిగే ఇనుప చక్రం మీద ముప్ఫై ఎనిమిది డిగ్రీలకు రాయిని ఆనించాడు. ఎత్తి చూస్తే ఒక బాణం మసకగా కనిపించింది. మసక కనిపిస్తే ఆ చేతులు ఊరుకోవు. సరిదిద్దాయి. మళ్లీ చెడగొట్టాడు, మళ్లీ సరిదిద్దాయి. చివరికి భూతద్దం పెట్టి చూసుకుని కుప్పకూలాడు. ఎనిమిది బాణాలూ వెంట్రుకవాసి తేడా లేకుండా నిలిచి ఉన్నాయి!

"అయిపోనాదా బావా?" గుమ్మంలో సన్యాసిరాజు!

పన్నెండయింది. ఫెళఫెళార్భాటంతో మేఘం చీలి ఒక్క కిరణం రాయి మీద పడింది. హ్రీం... క్లీం... మంత్రం మిన్నంటింది. కపాలం పళ్లు పటపట కొట్టుకున్నాయి. మాంత్రికుడు రాయికి కన్ను ఆనించాడు.

పాపిష్ఠివాడికి ఒక్క సంగతి తెలియదు. నిక్కమైన కోత ఎవరి చూపును వాళ్లకే తిప్పికొడుతుంది! వాడి కంట్లోంచి దూకిన దాహం ఎనిమిది బాణాలై తిరిగి వాడి కంట్లోనే దిగింది. "ఆపు... ఆపెయ్యి బావా!" ఆర్తనాదం పూర్తి కాకముందే వాడు నిలువునా భగ్గుమన్నాడు. గుప్పెడు బూడిద నేల రాలింది.

"స్తోత్రం ప్రభువా!" జయమణి రాయి తీసుకుని పరుగున వెళ్లి కూతురి కంటికి ఆనించింది. ఏమీ కాలేదు. చూపంటూ లోపలికి వెళితే కదా తిరిగి వచ్చేది!

ఇక అడుగునుంచి కార్చడమే దారి. జ్ఞానశేఖర్ చక్రం తిప్పాడు.

"నాకియ్యయ్యా," అంది జయమణి. "నాకు పని రాదు. నా సెయ్యి పాడుసేసేత్తాది. బేగి ఇయ్యి!"

"నీకేటి తెలుసు! పని రానోళ్లు రాయి ముట్టుకోకూడదు. నాను సేత్తన్నాను కదా!"

చేశాడు. చెడగొట్టాడు... సరిదిద్దాడు. శనగ గింజంత రాయి పెసర గింజంత అయింది. ఎనిమిది బాణాలు! పెసర గింజ ఆవగింజ అయింది. ఎనిమిది బాణాలు! రాయి చిక్కేకొద్దీ పక్కగదిలో ఊపిరి సన్నబడుతోంది. అతనికి అది వినిపిస్తూనే ఉంది, అయినా చేతులు మాట వినడం లేదు. దేవుడా, ఆ నైపుణ్యం ఏ పగవాడికీ వద్దు!

ఇక ఆగలేక జయమణి రాయి లాక్కుని చక్రానికేసి నొక్కింది. వంకర వాలు పడింది. వెలుగు అడుగునుంచి జలజలా కారింది. వెనువెంటనే ఆ చిన్న రాయి చక్రం కింద పొడి అయిపోయింది.

పక్కగదిలో ఎవాంజలిన్ కళ్లలోకి చూపు వచ్చింది. తల తిప్పి తల్లిని గుర్తుపట్టింది. "అమ్మా..." అంది. బతకడానికి సరిపడా ప్రాణం ఆ ఆవగింజలో మిగల్లేదు. ఊపిరి ఆగిపోయింది.

జయమణి ఏడవలేదు. బిడ్డ కళ్లు మూసి, గుమ్మంలో నిలబడ్డ భర్త వైపు తిరిగింది.

"సెనగ్గింజంత ఉన్నప్పుడే అడిగాను కదయ్యా నాను..."