గోనెల కింద తీగచుట్ట

దిష్టి ఇతరుల కళ్ళలో ఉంటుందా, మన భయంలో ఉంటుందా? పూజలో కూర్చున్నా నన్ను ఏళ్లుగా వదలని సందేహమిది. 1949లో మిర్యాలగూడలో జరిగిన ఈ కేసు విన్నాక అది ఇంకా పెరిగింది.

ఆ ఉదయం సూర్యాపేటలో ప్రైవేటు డిటెక్టివ్ రాజారత్నం గుమ్మంలో మిర్యాలగూడ నుంచి వచ్చిన మణెమ్మ నిలబడింది.

"సారూ, నా పెనిమిటి బీరన్నను రైసుమిల్లుల కట్టేసిండ్రు. సేటు బ్యాటరీ బండి కాలింది. ఈయనే కాల్చిండని పోలీసోళ్లకు పట్టిస్తరట!"

సహాయకుడు రామనర్సయ్యను వెంటబెట్టుకుని రాజారత్నం ఆ మిల్లుకు బయలుదేరాడు.

మిల్లు యజమాని ఉప్పలయ్య బస్తాలు మోయడానికి కొత్తగా తెప్పించిన బండి అది. డైనమో నుంచి పొడవాటి తీగ లాగి రోజూ దాని బ్యాటరీకి చార్జింగ్ పెట్టేవారు. అది వచ్చాక బీరన్న ఎడ్లబండికి పని పోయింది.

"బండి తగలబడితే బాగుండునన్నావట?" మిల్లులో స్తంభానికి కట్టేసి ఉన్న బీరన్నను అడిగాడు రాజారత్నం.

"అన్న సారూ. కుళ్ళుకున్న. కడుపు మండితే నోరు మండదా? గని అగ్గి పెట్టలె."

"విన్నరా! ఊరి కండ్లన్నీ నా బండి మీదనే," అన్నాడు ఉప్పలయ్య.

రాజారత్నం కాలిన బండి దగ్గర వంగి చార్జింగ్ తీగను చూశాడు. అది దీపాలకు వాడే సన్న తీగ. నేల మీద సాగినంత దూరం చెక్కుచెదరలేదు. బండి పక్కన చుట్టగా మిగిలిన భాగం మాత్రం కరిగి ముద్దయింది. దాని మీద మిగిలిన గోనె ముక్క అడుగున నల్లగా మాడింది, పైన మామూలుగానే ఉంది.

"ఎట్లా చూస్తరు సార్ ఇవన్నీ!" అన్నాడు రామనర్సయ్య మెచ్చుకోలుగా.

రాజారత్నం అందరినీ అక్కడికే పిలిచాడు.

"సేటూ, ఈ చుట్ట మీద గోనెలు కప్పిందెవరు?"

"నేనే. ఎవరి దిష్టి తగలొద్దని రోజూ కప్పుత."

"అయితే నిప్పు పెట్టింది మీరే. ఎవరైనా అంటిస్తే గోనె పైనుంచి కాలేది. ఇది అడుగునుంచి కాలింది. బండికి కావలసిన కరెంటుకు ఈ సన్న తీగ చాలదు, వేడెక్కుతుంది. చుట్టలో ఆ వేడంతా ఒకచోట చేరింది. గోనెలు దాన్ని బయటికి పోనివ్వలేదు. ఇకమీద లావు తీగ వేయించండి, పూర్తిగా విప్పి పరచండి, ఏమీ కప్పకండి."

ఉప్పలయ్య తానే వెళ్లి బీరన్న కట్లు విప్పాడు.

"మాఫ్ చెయ్ బీరన్నా."

"నేను కుళ్ళుకున్నది నిజమే కద సేటూ."

"నువ్వొక్కనివేనా? కోదాడ సంతల అందరు నీ ఎడ్ల జోడునే మెచ్చుకుంటుండ్రి. నా మిల్లు సంగతి అడిగినోడు లేడు. ఆ మంటతోనే ఈ బండి కొన్న."

ఉప్పలయ్య విప్పిన తాడును పక్కన పడేశాడు.

"మంచి ఎడ్లు బీరన్నా. ఇన్నేండ్ల నుంచి నీకు బాకీ ఉన్న మాట ఇది."