బూడిద అతుకు

లేపాక్షిలో వేలాడే స్తంభం కింద టవలు సగం దూరి ఆగిపోయింది.

1978 ఫిబ్రవరి. శనివారం, పొద్దున పది గంటలు. పెనుకొండ కోట కింద మైదానంలో మర్నాడు మోటార్‌సైకిల్ రేసులు. ఆ రేసులకొచ్చిన విదేశీ రైడర్లు ఒక రోజు ముందే దిగి, సైట్‌సీయింగ్ పేరుతో కెమెరాలు మెడలో తగిలించుకుని గుడంతా తిరుగుతున్నారు. గైడ్ లక్ష్మన్న అందరికీ చూపించినట్టే వాళ్ళకూ స్తంభం కింద టవలు దూర్చి చూపిస్తున్నాడు. క్లిక్! క్లిక్! క్లిక్! అందులో ఒక క్లిక్కు మాత్రం ఫోటో కాదు, బుల్లెట్!

లక్ష్మన్న గుండె పట్టుకుని కూలిపోయాడు. రైడర్ జాకెట్‌లో ఉన్న ఒక కుర్రాడు ఒక్క గెంతులో వచ్చి అతని తల ఒళ్ళోకి తీసుకున్నాడు. అతను ఏజెంట్ చాంద్. పుట్టింది పరిగిలో, పనిచేసేది సీక్రెట్ సర్వీస్‌లో. లక్ష్మన్నా ఆ సర్వీస్ మనిషే.

"గిఫ్ట్ బండి..." అన్నాడు లక్ష్మన్న. ఆ తర్వాత నోట్లోంచి మాటకు బదులు రక్తం వచ్చింది.

చాంద్ తలెత్తి చూశాడు. అందరికన్నా దగ్గరగా కెమెరాతో నిలబడి ఉంది మిస్ రూబీ. నల్ల గాగుల్స్, బెల్‌బాటమ్ ప్యాంటు, పెదాలకు లిప్‌స్టిక్. మోటార్ పత్రిక ఫోటోగ్రాఫర్నని చెప్పుకుంటుంది. ఆమె వెనకే సినీ కెమెరా సర్దుకుంటున్నాడు టీమ్ మేనేజర్ కార్ల్. ఆరడుగుల తెల్లటి శాల్తీ.

పన్నెండింటికి హిందూపురంలో ఒక సైకిల్ షాపు వెనక గదిలో చీఫ్ ఆదినారాయణ బ్రీఫింగ్ ఇచ్చాడు.

"టూర్ ఆపొద్దని పోలీసులకు నేనే చెప్పినా. ఆపితే ఈళ్ళు ఎగిరిపోతారు. సిల్వర్ స్పోక్ ముఠా ఇది. టార్గెట్ డాక్టర్ కుళ్ళాయప్ప."

"రాకెట్ సైంటిస్టా?"

"ఆయనే. కనగానపల్లి రైతుబిడ్డ. మన కొత్త రాకెట్ లెక్కంతా ఆయన తలకాయలోనే ఉండాది, కాగితం మీద లేదు. మోటార్‌సైకిళ్ళంటే ఆయనకు చెప్పలేనంత పిచ్చి. రేపు చీఫ్ గెస్ట్‌గా వస్తాండాడు. విదేశీ క్లబ్బు ఆయనకొక బండి గిఫ్ట్ ఇస్తాది."

"రావద్దని చెప్పండి సార్."

"చెప్పినా. బండి చూడకుండా పోనన్నాడు, ఏం జేస్తాం! బండిని మాత్రం రేపు లారీలో నేరుగా తెస్తారంట."

"రూబీ?"

"మనకూ కబుర్లు అందిస్తాది, వాళ్ళకూ అందిస్తాది. ఎవరి మనిషో ఆ దేవుడికే తెలియాల. జాగ్రత్తప్పా!" ఆదినారాయణ ఒక ఫౌంటెన్ పెన్ను చేతికిచ్చాడు. "ఒకే బుల్లెట్. రాసేదానికి పనికిరాదు."

మధ్యాహ్నం రైడర్ల టూర్ బస్సు చాంద్‌తో సహా ధర్మవరం చేరింది. చీరలు చూడాలన్నారు దొరలు. ఒక మగ్గాల ఇంట్లో ఖైరున్‌బీ అనే పెద్దామె పడుగు అతుకుతోంది. అయిపోయిన పాత పోగుకు కొత్త పోగు చేర్చి, వేలి కొసలు బూడిదలో అద్దుకుని ఒక్క పురి తిప్పుతుంది. అంతే, ముడి లేదు, అతుకు కనపడదు. అట్లా వేల పోగులు!

రూబీ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఖైరున్‌బీ చెయ్యి ఆపి ఆమెనే చూసింది.

"ఆ నల్లద్దాలు తియ్యి తల్లీ. నీ కండ్లు చూస్తా."

రూబీ తియ్యలేదు. గిరుక్కున తిరిగి బస్సెక్కింది.

తిరుగు దారిలో బస్సులో మైకు తీగ తెగింది. రూబీ విసుక్కుంటూ దాన్ని అందుకుని, సిగరెట్టు బూడిదలో వేళ్ళు అద్దుకుని, రెండు కొసలూ కలిపి పురి తిప్పేసింది. ఆమెకు తెలియకుండానే చేతులు ఆ పని చేసేశాయి.

చాంద్ పక్క సీట్లోకి జరిగాడు. "నీది ధర్మవరమే. అసలు పేరేంది?"

రూబీ మొహం పాలిపోయింది. "జమ్రూద్. నోరు మూసుకో, కార్ల్ చూస్తాండాడు." కిటికీలోంచి చూస్తూ అంది, "పదేండ్లయింది ఇల్లొదిలి. మాయమ్మ నన్ను గుర్తుపట్టలేదు." గాగుల్స్ కింద నుంచి ఒక చుక్క జారింది.

ఆదివారం పది గంటలు. పెనుకొండ మైదానం చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. కోట గోడ వెనక ఆగిన లారీని చాంద్ పసిగట్టేసరికి ఆలస్యమైంది. బండి అప్పటికే స్టేజీ మీదకు వెళ్ళిపోయింది. లారీ చాటు నుంచి ఇద్దరు దూకారు. మొదటివాడి కత్తి చాంద్ భుజాన్ని చీల్చింది. చాంద్ ఆ చెయ్యి పట్టి మెలితిప్పి కత్తిని వాడి కడుపులోకే తోశాడు. రెండోవాడు సైకిల్ చైన్‌తో మెడ బిగించాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. చాంద్ వెనక్కి పరుగెత్తి వాణ్ణి రాతి గోడకేసి బాదాడు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి చైన్ వదులైంది. వాడు మళ్ళీ లేవలేదు.

లారీలో జమ్రూద్ రక్తపు మడుగులో పడి ఉంది. కడుపులో కార్ల్ బుల్లెట్.

"బండి సంగతి రాత్రే ఎందుకు చెప్పలేదు?" అరిచాడు చాంద్.

"పొద్దున దాకా కార్ల్ నా తలకు తుపాకి పెట్టి వైర్లు అతికించుకున్నాడు. డాక్టరు సీటు మీద కూచుంటే బాంబు రెడీ. లేచినా, కిక్ కొట్టినా పేలుతాది. ట్యాంకు కింద రెండు అతుకులు ఉండాయి. మెరిసేది కార్ల్ వేసింది, ముట్టుకోవద్దు. బూడిద అంటినది నాది. పురికి ఎదురు తిప్పు. లాగినావంటే మాత్రం..." ఆమె చాంద్ కాలరు పట్టుకుంది. "నేను వాళ్ళ మనిషిని కాదని మాయమ్మకు చెప్పు."

చాంద్ దగ్గర్లో ఉన్న ఒక రేస్ బండెక్కి, ట్రాక్ చుట్టూ కట్టిన తాడు తెంపుకుని, అడ్డంగా స్టేజీ దాకా దూసుకొచ్చాడు. అయ్యో! డాక్టర్ కుళ్ళాయప్ప మెడలో దండతో, ఒళ్ళో కొత్త హెల్మెట్‌తో అప్పటికే సీటు మీద ఉన్నాడు. కాలు కిక్ మీద.

"కొట్టొద్దు! లేవొద్దు! సీటు కింద బాంబు!"

జనం చెల్లాచెదురయ్యారు. కుళ్ళాయప్ప మాత్రం రాయిలా కూర్చున్నాడు. "కదలను. పని కానియ్యప్పా," అన్నాడు.

చాంద్ ట్యాంకు కిందికి తల దూర్చాడు. రక్తంతో తడిసి వేళ్ళు జారుతున్నాయి. చెయ్యి నేలకు రాసి మట్టి అద్దుకున్నాడు. మెరిసే అతుకు పక్కనే బూడిదరంగుది. ఒక చుట్టు తిప్పాడు.

"రైడరన్నా, నీ వెనక!" ఎవరో కేకేశారు. ఇరవై అడుగుల దూరంలో కార్ల్ సినీ కెమెరా ఎత్తి చాంద్ తలకు గురిపెట్టాడు. చాంద్ చేతులు రెండూ వైరు మీదే ఉన్నాయి.

కుళ్ళాయప్ప కూర్చున్నచోటి నుంచే ఒళ్ళోని హెల్మెట్ విసిరాడు. కార్ల్ ముక్కు పగిలింది. బుల్లెట్ షామియానా చించుకుని ఆకాశంలోకి పోయింది. రెండో చుట్టు. మూడోది. అతుకు ఊడి వైరు కొసలు విడిపోయాయి.

కార్ల్ మళ్ళీ కెమెరా ఎత్తాడు. చాంద్ జేబులోంచి పెన్ను తీశాడు. కార్ల్ నుదుటి మీద ఒక ఎర్రటి చుక్క పడింది. ముఠా పని అక్కడితో సరి.

"ఇప్పుడు లేవచ్చునా?" అడిగాడు కుళ్ళాయప్ప.

"లేవండి సార్."

ఆయన లేచి, వంగి ట్యాంకు కింద తొంగి చూశాడు.

మూడు రోజులకు ఆస్పత్రిలో జమ్రూద్ కళ్ళు తెరిచింది. డాక్టర్లు బుల్లెట్ తీసి, బతుకుతుందన్నారు. మంచం పక్కన ఖైరున్‌బీ కూర్చుని ఉంది. చాంద్ జరిగిందంతా చెప్పాడు. సగంలోనే పెద్దామె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"గుమ్మంలో నిలబడిన పొద్దే గుర్తుపట్టినా తల్లీ. అద్దాలు తియ్యమనింది అందుకే," అని కూతురి నుదురు నిమిరింది.

"నీ కూతురి చేతి అతుకే డాక్టరు గారిని బతికించింది అమ్మా. మూడు చుట్లు ఎదురు తిప్పితే చక్కగా ఊడొచ్చింది," అన్నాడు చాంద్.

ఖైరున్‌బీ చెయ్యి టక్కున ఆగింది.

"ఊడొచ్చిందా? ఏమే జమ్రూద్, ఊడిపోయే అతుకు వేసేదా నేను నీకు నేర్పిచ్చింది?"