చిరగని పర్సు

భాస్కర్ వెనక జేబులో పర్సు బతికి బట్టకట్టడమంటే మాటలు కాదు. ఆషాఢంలో కొన్నది దసరా చూడదు. విత్తనాల కంపెనీ పని మీద వారంలో సగం రోజులు పాతపట్నం వైపు బండి మీదే తిరుగుతాడు కదా, సీటు రాపిడి, చెమట, వాన కలిసి దాన్ని పీల్చి పిప్పి చేసేస్తాయి. ఈసారి లోపలి లైసెన్సు కూడా తడిసి, ఫొటోలో అతని ముఖం సగం చెరిగిపోయింది. అది చూసిన దగ్గర్నుంచి అతని పెళ్ళాం రేఖకి మనసు మనసులో లేదు.

చలికాలం పొద్దు. చీపురుపల్లిలో వాళ్ళ వీధికి ఇంకా మంచు విడలేదు. రేఖ అరుగు మీద కూచుని, పక్కన కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఫోనులో పర్సులు చూస్తోంది.

"పాము తోలు వద్దు, పొలుసులు లేసిపోతాయట. నిప్పుకోడిది మెత్తగా ఉంటాది గానీ నీ రాపిడికి ఆగదు. ఇదుగో బావా, టేకు సేప తోలు. ఆవగింజలు పరిసినట్టున్నాది సూడు. నీళ్ళు లోపలికి పోవట."

"సేప తోలే? మన పిల్లి ఊరుకుంటాదేటి?" అన్నాడు భాస్కర్ బూట్లు తొడుక్కుంటూ.

గుమ్మంలో కూచుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తున్న తాయారు తలెత్తకుండానే అంది. "ఇంట్లో ఉండగా కొత్తదేలే? మీ మావది ఇచ్చీ. మొసలి తోలు. ఇంకా నూరేళ్ళుంటాది."

రేఖ వేలు ఫోను మీద ఆగిపోయింది. తాయారు ఆమెకి అత్తగారే కాదు, సొంత మేనత్త. ఆవిడ మాట రేఖ ఏనాడూ జవదాటలేదు. ఈ ఒక్క మాట దగ్గరే ఆమె గుండె రాయి చేసుకుంటోంది.

జగన్నాధం మావ పెళ్ళయిన కొత్త నుంచీ ఆ పర్సునే వెనక జేబులో పెట్టుకు తిరిగాడు. పోయిన ఏడాది వానల్లో, పాతపట్నం దారిలోనే గుండె పట్టేస్తే, బండి పక్కకి తీసి స్టాండేసి, దాని మీదే కూచుని తల వాల్చేశాడు. దారిన పోయేవాళ్ళు వాన వెలిసేదాకా ఆగాడేమో అనుకున్నారు. తర్వాత బండి వాకిట్లోకి వచ్చింది, పర్సు బీరువాలోకి వచ్చింది. వాడని తోలు మెల్లగా సాపవుతుందంటారు. ఇది కాలేదు. మావ కూచున్న వంపు అలాగే ఉంది. పైగా పొద్దున్నే చీర కోసం బీరువా తెరిచి చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, ఎవరో ఇప్పుడే జేబులోంచి తీసి పెట్టినట్టు. రేఖ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారన్న భయం లేదు గానీ, నవ్వకపోతే ఎలాగన్నదే ఆమె భయం.

"అమ్మ సెప్పింది బాగానే ఉన్నాది. తీసుకురా" అన్నాడు భాస్కర్.

రేఖ లేచి వెళ్ళి తెచ్చింది. ఇవాళా వెచ్చగానే ఉంది. భాస్కర్ చెయ్యి చాపాడు గానీ ఆమె ఇవ్వలేదు.

"ఇది నీ జేబులోకి ఎల్లదు బావా. మావ సచ్చినా ఇది మావని ఒదల్లేదు. ఇప్పుడు నీతో అదే రోడ్డు మీదకి ఎల్తాదా? కళింగపట్నం అట్టుకెళ్ళి సముద్రంలో పడీసి వస్తాను."

"మతి పోనాదేటి నీకు? నాన్న వస్తువది."

"వస్తువైతే పొద్దున్నే వెచ్చగా ఏల ఉంటాది? వంపు ఏల పోలేదు? సెప్పు."

తాయారు చేతిలో చిక్కుడుకాయ ఆగింది. "వంపు నానే పోనివ్వలేదు" అంది మెల్లగా.

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు.

"మీరు లెగకముందే దాన్ని తీసి, మీ మావ బండెక్కి, కింద పెట్టుకుని కాసేపు కూకుని, మళ్ళీ బీరువాలో పెట్టీసేదాన్ని. కూకోకపోతే తోలు సాపైపోతాది కదే. ఆయన ఒంటి గురుతు అదొక్కటే మిగిలినాది. గట్టిది కావాలని నానే ఏరి కొన్నాను. మనిషికన్నా గట్టిదని అప్పుడు తెల్దు." ఆవిడ మోకాలు నిమురుకుంది. "ఇప్పుడు మోకాళ్ళు పట్టీసినాయి. ఎక్కలేను. ఆడి జేబులో ఉంటే వంపు నిలుస్తాదని ఆశపడ్డాను. నాదే తప్పు."

రేఖ భయమంతా కన్నీళ్ళై కారిపోయింది. ఇన్నాళ్ళూ దెయ్యమని వణికింది ఈ ముసలి ప్రాణం బెంగకా అని తన మీద తనకే కోపం వచ్చింది. అత్త ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. ఏడుస్తుండగా తట్టింది ఆమెకి.

"బండెక్కడం ఎప్పుడు మానీసినావత్తా?"

"దీపావళికి ముందే. ఏటే?"

రేఖ చేతిలో పర్సు ఇంకా వెచ్చగానే ఉంది. ముగ్గురూ వాకిట్లోకి చూశారు. గోడ వారనున్న పాత బండికి టాంకు మీద, హ్యాండిల్ మీద, అద్దాల మీద మంచు బొట్లు బొట్లుగా పేరుకుంది. సీటు మాత్రం ఒక మనిషి కూచునేంత మేర పొడిగా ఉంది.

తర్వాత తాయారు కొంగుతో కళ్ళు తుడుచుకుని, పర్సు అందుకుని గుండెకి హత్తుకుంది.

"ఆడికి సిరిగిపోయేదే కొనీయే పిల్లా. సిరిగితే ఇంటికొచ్చి నీ మీద ఎగురుతాడు. ఇంటికొస్తాడు కదా, అది సాలు."

రేఖ ఆ సాయంత్రమే బజారుకెళ్ళి మామూలు పర్సు కొంది. "ఏడాది కూడా రాదమ్మా ఇది" అని కొట్టువాడు నిజం చెబితే, అదే ఇవ్వమంది.

మళ్ళీ పాతపట్నం వెళ్ళాల్సిన పొద్దున భాస్కర్ దాన్ని జేబులో పెట్టుకుని తన బండి బయటికి తీశాడు. రేఖ లోపలికెళ్ళి బీరువా తెరిచి, మావ పర్సు మీద అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది. ఈసారి చెయ్యి తీసెయ్యలేదు.

"మావా, బావ ఆ రోడ్డుకే ఎల్తన్నాడు. ఎనకాల కూకో. మెల్లగా పోనిమ్మని సెప్పు."

అరచేతి కింద తోలు మెల్లగా చల్లబడింది.

ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి తాయారు గోడ పట్టుకుని నిలబడి, వెళ్తున్న బండి వైపు చెయ్యి ఊపుతోంది. రేఖ ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసింది. వీధి చివర భాస్కర్ ఎప్పుడూ లేనంత మెల్లగా మలుపు తిరిగాడు, వెనక బరువైన మనిషిని ఎక్కించుకున్నవాడిలా.