మస్తాన్‌రావు దొంగ ఊపిరి

"లాగండి బాబాయ్‌గారూ... ఇంకా... ఆపకండి!"

మస్తాన్‌రావు గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లాగుతున్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. మెడ నరాలు ఉబ్బాయి, కళ్లు ఎర్రబడ్డాయి. పది లెక్కపెట్టేదాకా లాగాడు. డాక్టర్ సలోమి మురిసిపోయింది. అంతలో అతని నడుముకున్న పట్టీ మీద ఎర్ర లైటు వెలిగింది.

"మళ్లీనా! ఈ సెన్సార్ మొహం మండ!" అంది సలోమి. మూడు వారాల్లో అది మూడో పట్టీ.

ఈ పట్టీ సంగతి కాస్త చెప్పాలి. కార్లు నడిపే పని మెషీన్లకి అప్పజెప్పేశాం గానీ, 2050లో కూడా పిడికెడు పత్తి దుమ్ముకి విరుగుడు కనిపెట్టలేకపోయామండీ. మస్తాన్‌రావు గుంటూరు పక్కన జిన్నింగ్ మిల్లులో ఇరవై ఎనిమిదేళ్లు ఆ దుమ్ము మింగాడు. ఇప్పుడు మంచం మీంచి బాత్‌రూమ్‌దాకా నడవాలంటే రెండుచోట్ల ఆగాలి. ఊపిరితిత్తులు ఎలాగూ బాగుపడవు. కానీ వాటి కింద గాలి లాగే కండరం ఒకటుంది, డయాఫ్రమ్. డంబెల్స్‌తో చేతికి బలం వచ్చినట్టు దానికీ తెప్పిస్తే? ఇదీ సలోమి ఆలోచన. గొట్టంలో రంధ్రం సన్నంగా ఉంటుంది, గాలి లాగడం కష్టం. ఆ కష్టమే కసరత్తు. పట్టీ ఆ కండరాన్ని కనిపెడుతూ, బలం పెరిగేకొద్దీ రంధ్రాన్ని ఇంకాస్త బిగిస్తుంది. లాగుడు మధ్యలో తెగినా, సడలినా ఎర్ర లైటు, లేకపోతే పచ్చ లైటు.

మొదటిరోజే మస్తాన్‌రావు చెప్పాడు. "నాకు నూరేళ్ల ఆయుష్షు వద్దు డాక్టరమ్మా. చెడుగుడు బరిలో ఒక్క కూత పెట్టే ఊపిరి ఇప్పించు, చాలు." ఒకప్పుడు జిల్లాలో పేరుమోసిన ఆటగాడు మరి.

నాలుగో పట్టీ కోసం సలోమి ఫోన్ తీసింది.

"వద్దులేమ్మా," అన్నాడు మస్తాన్‌రావు తలదించుకుని. "మెషీన్ బాగానే ఉంది. దొంగని నేను."

"ఏంటీ?"

"పెదవి మూలనుంచి గాలి పీలుస్తున్నా. ఎవరికీ కనబడదు. ఆటలో అలవాటైంది. ఈ పాడు నోరు గొట్టం పెట్టగానే అదే పని చేస్తోంది."

చెడుగుడు, అదే కబడ్డీ, తెలియనివాళ్లకి ఒక మాట. కూతకి వెళ్లినవాడు అవతలి జట్టులో ఒకణ్ణి తాకి, ఒక్క ఊపిరితోనే గీతకి తిరిగి రావాలి. మధ్యలో ఊపిరి పీలిస్తే అవుట్.

"నలభై ఏళ్ల కిందట ఫైనల్లో అంకమ్మరావు నా కాలు పట్టేశాడు. ఊపిరి అయిపోయింది. దొంగ ఊపిరి తీసి, వాణ్ణి ఈడ్చుకుంటూ వచ్చి గీత తాకా. కప్పు నాకిచ్చారు. 'వీడు పీల్చాడండీ' అని వాడు ఏడ్చినా ఎవరూ నమ్మలేదు. అప్పట్నుంచి మాకు మాటల్లేవు. పోయేలోగా వాడి ఎదుట నిజమైన కూత ఒక్కటి పెట్టాలమ్మా."

ఈ నాలుగు ముక్కలకే అతను ఆరుసార్లు ఆగాడు. సలోమికి కోపం, జాలి రెండూ వచ్చాయి. "రెండు పట్టీలు మార్పించారు కదండీ మహానుభావా!" అని తిట్టి, పెదవుల మూలలకి ప్లాస్టర్ అంటించింది.

రెండో నెలలో పచ్చ లైటు మొదలైంది. ఐదో నెలలో ఒకరోజు మస్తాన్‌రావు రెండో అంతస్తుకి మెట్లెక్కి వచ్చి, ఎక్కడా ఆగకుండా "ఏమ్మా, పొద్దున టిఫిన్ ఏం తిన్నావు?" అన్నాడు. సలోమి కళ్లు తుడుచుకుంది.

ఈలోగా పట్టీ కథ జిల్లా కబడ్డీ సంఘం చెవిన పడింది. అంపైర్ కంటపడని దొంగతనం పట్టీ పట్టేస్తుందంటే ఇంకేం కావాలి! కూత మధ్యలో గాలి పీలిస్తే ఎర్ర లైటు వెలిగేలా మార్చి, ప్రతి ఆటగాడికీ కట్టేద్దామన్నారు. తొలి పరీక్ష పాత ఆటగాళ్ల సరదా మ్యాచ్‌లో.

మస్తాన్‌రావు గీత దాటాడు. "కబడ్డీ కబడ్డీ కబడ్డీ..." పరుగు లేదు, నడకే. ఎదురుగా మోకాళ్ల మీద చేతులు ఆనించి అంకమ్మరావు. బయట సలోమి చూపంతా పట్టీ మీదే ఉంది. అతను అంకమ్మరావు భుజం తాకాడు, తిరిగాడు, గీత తొక్కాడు. తొమ్మిది సెకన్లు. పచ్చ లైటు పచ్చగానే ఉంది!

"ఇది నిజమైన కూతరా," అన్నాడు రొప్పుతూ. "అప్పటిది కాదు."

అంకమ్మరావు తన వంతు రాగానే కూతకి వెళ్లాడు. నాలుగో సెకనుకే కీచుమంటూ ఎర్ర లైటు! జనం బిత్తరపోయారు. అతని తర్వాత వెళ్లినవాడికీ ఎర్ర లైటే, ఆ తర్వాతివాడికీ అదే. ముచ్చటపడి బరిలోకి దిగిన ఇప్పటి జిల్లా ఛాంపియన్‌కి మూడో సెకనులోనే వెలిగింది. పావుగంటలో ఆట ముగిసిపోయింది. సంఘం పెద్దలు గుసగుసలాడుకుని, పట్టీలన్నీ ఆస్పత్రికి విరాళంగా ఇచ్చేస్తున్నామని మైకులో గొప్పగా ప్రకటించారు.

ఆ మైదానంలో నిజాయితీగా ఊపిరి పట్టింది ఊపిరితిత్తులు చెడిపోయినవాడొక్కడే.

అంకమ్మరావు వచ్చి అతని పక్కన కూలబడ్డాడు. నలభై ఏళ్ల తర్వాత మొదటి మాట.

"నువ్వు పీల్చావని ఆవేళ నాకొక్కడికే ఎలా తెలిసిందనుకున్నావురా?"

మస్తాన్‌రావు అతనివైపు చూశాడు. అర్థమైంది. నవ్వడం మొదలుపెట్టాడు. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు పట్టుకుని ఆపకుండా నవ్వారు. నడుములకి పట్టీలు ఇంకా ఉన్నాయేమో, రెండు ఎర్ర లైట్లూ కీచుకీచుమని ఒకటే మోత.