తలకిందుల ముఖాల గుహ

మణిగర్త రాజ్యంలో ఒక ఉదయం నల్లటి గాలి వీచింది. ఆ తరువాత ఎవరికీ ఎవరి ముఖమూ గుర్తురాలేదు. కళ్ళు కనబడేవి, ముక్కు కనబడేది. అవన్నీ కలిసి ఫలానా మనిషి అని మాత్రం తోచేది కాదు. రాజుగారు వంటవాడికి వంగి నమస్కరించి, మంత్రిని పులుసు వడ్డించమన్నారు!

గాలి వీచినప్పుడు సింగారి అనే పిల్ల సంతలో ఎత్తయిన గడ చివర మోకాళ్ళు మెలివేసి తలకిందులుగా వేలాడుతోంది. నిటారుగా ఉన్నవాళ్ళకే సోకే ఆ మాయ ఆమెకు సోకలేదు. ఆట ముగించి కిందికి దూకగానే, డోలు వాయిస్తున్న తల్లి బెదిరిపోయింది.

“ఎవరమ్మా నువ్వు? గొంతు మా పిల్లదే. మా పిల్లేది?”

సింగారి కన్నీళ్ళు దిగమింగుకుంది. ఇది ఉత్తరపు అడవిలో ఉండే అధోముఖుడనే రాక్షసుడి పని అని పురోహితుడు చెప్పగానే, ఆమె బయలుదేరింది. పొంగే ఏటిని మర్రి ఊడ పట్టుకుని ఊగి దాటింది. మండే ముళ్ళకంచెను గడ ఊతంతో ఎగిరి దాటింది. రాక్షసుడి గుహ ముందు ఎలుగుబంటి అడ్డం నిలిచింది.

“నిన్న వచ్చినదానివి నువ్వేనా? నాకు మనుషులంతా ఒకేలా ఉంటారు.”

“నాకూ ఎలుగులన్నీ ఒకటేలే, మామా!”

ఎలుగు పకపకా నవ్వింది. “గడుసుదానివే! విను. లోపల నేలమీద నిలబడి చూసినవాళ్ళెవరూ గెలవలేదు.”

గుహ కప్పునిండా రాజ్యంలోని వాళ్ళ ముఖాలు దీపాల్లా వెలుగుతున్నాయి. అన్నీ తలకిందులే!

“నీ తల్లి ముఖం చూపిస్తే అన్నిటినీ వదిలేస్తాను. తప్పితే నీ ముఖమూ ఇక్కడే,” అన్నాడు అధోముఖుడు.

తల్లి గడ్డం మీది పుట్టుమచ్చ కనబడగానే సింగారి వేలెత్తబోయింది. పక్క ముఖానికీ మచ్చ ఉంది. ఆ పక్కదానికీ ఉంది!

“నేనే పెట్టానులే!” రాక్షసుడు విరగబడి నవ్వాడు.

సింగారికి ఎలుగు మాట తట్టింది. ఒక్క గెంతున రాతికొమ్ముకు మోకాళ్ళు తగిలించి తలకిందులుగా వేలాడింది. అంతే! ముఖాలన్నీ మనుషులైపోయాయి. అడుగో వంటవాడు, అరుగో రాణిగారు! ఇక ఆమె మచ్చలు వెతకలేదు. గడ ఎక్కేముందు రోజూ తనను చూసి నవ్వే ముఖం కోసం చూసింది.

“అదిగో మా అమ్మ!”

అధోముఖుడు పొగై కరిగిపోయాడు. ముఖాలు మిణుగురుల్లా రాజ్యానికి ఎగిరిపోయాయి.

సింగారి తిరిగి రాగానే రాజుగారు మేడ కట్టిస్తానన్నారు. ఆమె ఆ మాట వినిపించుకోలేదు. సంతలో తల్లి ఆమెకు ఎదురుగా పరుగెత్తుకొస్తోంది.

“ఎక్కడికి పోయావే? ముఖమంతా ఆ మసేమిటే!” అంటూ కొంగుతో తుడిచింది.

ఎంత తుడిచినా సింగారి ముఖం తిప్పుకోలేదు.